వ్యాపార నాయకత్వములో ఓర్పు
(స్టేషన్ ఘన్‌పూర్‌లో సంఘస్థుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



వ్యాపారము నడుపువారికి ఓర్పుతో పనియేమని కొందరు యౌవనస్థులు నన్ను అడిగారు. చేతికందిన లాభమును రేపటి అవసరము కొరకు ఆపగలుగుటనే నేను ఓర్పు అంటాను.

ఇది నష్టపడి నేర్చుకొన్న పాఠము. చాలా ఏళ్ళ క్రిందట మేము కొందరము కలసి ఒక చిన్న ఎరువుల దుకాణము పెట్టుకొన్నాము. లెక్కలు నా చేతిలో ఉండేవి. మొదటి ఏడు మిగిలినదంతా భాగస్థులకు పంచివేశాను. అందరూ మెచ్చుకొన్నారు. రెండవ ఏడు వానలు లేవు. అరువు తీసుకొన్న రైతులు తీర్చలేకపోయారు. కొత్త సరుకు తెచ్చుటకు పెట్టెలో రూపాయి లేదు. మూడవ ఏట తాళము వేశాము. విత్తనపు వడ్లు వండుకొని తిన్నవాని గతి మాకు పట్టినది.

మన పొరుగున ముల్కనూరును చూడండి. అది ఇప్పటి హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలములో ఉన్నది. 1956లో శ్రీ ఎ. కె. విశ్వనాథరెడ్డి గారి నాయకత్వమున అక్కడ సహకార గ్రామీణ బ్యాంకు ఆరంభమైనది. నాడు 14 గ్రామాలు, 373 మంది సభ్యులు, 2,300 రూపాయల మూలధనము. పంట అప్పు, ఎరువులు ఆ సంఘమే ఇచ్చును. పండిన ధాన్యమును అదే కొని, బాకీ మినహాయించుకొని, మిగతా సొమ్ము రైతుకు చెల్లించును. అప్పు వసూలగును, రైతుకు దళారి బెడద తప్పును. పేరు వచ్చిన తరువాత ఊరూర శాఖలు తెరువవలెనని ఆశ పుట్టుట సహజము. కాని ఆ సంఘము ఆ 14 గ్రామాలనే నమ్ముకొని, వేలాది సభ్యులతో లోతుగా వేళ్ళూనినది.

అదే ప్రాంతపు స్త్రీలు ముందుగా పొదుపు సంఘాలలో ఏళ్ళ తరబడి నెలనెలా కొద్దికొద్దిగా కూడబెట్టారు, లెక్కలు చూచుట నేర్చుకొన్నారు. ఆ తరువాతనే 2002లో వారి డెయిరీ పని మొదలు పెట్టినది. దాని పాలు ‘స్వకృషి’ పేరుతో అమ్ముడగుచున్నవి.

యౌవనస్థులారా, మీలో కొందరు దుకాణాలు పెట్టుచున్నారు, కొందరు సంఘాలకు నాయకులగుచున్నారు. లాభము వచ్చిన ఏడు ముందు నిధికి తీసిపెట్టి, మిగిలినది పంచండి. మీ తరువాత లెక్కలు చూడగలవానిని ఇప్పుడే ప్రక్కన కూర్చుండబెట్టుకొనండి. భాగస్థులు కోపగించుకొందురు, ఓర్చుకొనండి. ఆ మొదటి ఏడు నేను ఆశించినది వారి మెప్పు. దాని ఖరీదు మా దుకాణము.