ఫోటో స్కానింగ్‌లో పాటించవలసిన జాగ్రత్తలు

(సభ్య సంఘాల కార్యదర్శుల శిక్షణ తరగతిలో పత్రికా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా మా పొరపాటు ఒకటి ఒప్పుకొంటున్నాము. ఒక సంఘం తమ తొలి అధ్యక్షుని ఫోటో పంపింది. వారి వద్ద ఉన్నది అదొక్కటే. అంగుళం వెడల్పు గల ఆ ఫోటోను 150 డీపీఐలో స్కాన్ చేసి, అరపేజీకి పెంచి వేశాము. ముఖం గళ్లు గళ్లుగా వచ్చింది. ఆయన భార్య పత్రిక చూసి, "ఇందులో మా ఆయన ఎక్కడున్నారు?" అని అడిగారట. ఆ మాట మేము మరచిపోలేదు.

డీపీఐ అంటే స్కానర్ అంగుళానికి ఎన్ని చుక్కలుగా ఫోటోను చదువుతుందనే లెక్క. అచ్చులో వేసే కొలతకు అంగుళానికి 300 చుక్కలు ఉండాలి. 4 అంగుళాల ఫోటోను అదే కొలతలో వేయడానికి 300 చాలు. 8 అంగుళాలకు పెంచాలంటే 600 కావాలి. అంగుళం ఫోటోను 4 అంగుళాలు చేయాలంటే 1200 కావాలి. తక్కువలో స్కాన్ చేసి, తరువాత కంప్యూటర్‌లో పెంచడమంటే పాలలో నీళ్లు కలపడమే. లీటర్లు పెరుగుతాయి గాని వెన్న పెరగదు.

మరుసటి సంచికలో ఆ ఫోటోను 1200లో స్కాన్ చేసి, 4 అంగుళాలకు మించకుండా వేశాము. ముఖం తేటగా వచ్చింది.

ఇక మీరు చేయవలసినవి. స్కానర్ అద్దాన్ని మెత్తని పొడిగుడ్డతో తుడవండి. ఫోటోకు పిన్ను గుచ్చకండి, వెనుక బాల్‌పెన్నుతో రాయకండి. పేర్లను ఎడమ నుండి కుడికి వరుసగా వేరే కాగితంపై రాయండి. పాత పత్రికలో అచ్చయిన బొమ్మను స్కాన్ చేస్తే అచ్చు చుక్కల వల్ల అలల వంటి చారలు పడతాయి. అసలు ఫోటోనే వెదకండి. టిఫ్ ఫైలుగా భద్రపరచండి. జేపెగ్ ఫైలును దిద్ది భద్రపరచిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపండి, లేకుంటే అది కుదించుకుపోతుంది.

1970లో మొదలై 1996లో ముగిసిన ఆపరేషన్ ఫ్లడ్ కాలంలో ఎన్నో పాల సంఘాలు ఏర్పడ్డాయి. నాటి ఫోటోలు బీరువాలలో వెలిసిపోతున్నాయి. వెలిసిన ముఖాన్ని ఏ స్కానరూ పూర్తిగా తిరిగి తేలేదు. కనుక పత్రిక కోసం మేము అడిగేదాకా ఆగక, ఇప్పుడే స్కాన్ చేసి ఒక ప్రతి సంఘంలో ఉంచి, మరొకటి మాకు పంపవలసినదిగా కోరుచున్నాము.