ఎన్ని కుట్లు పడ్డాయి?

ఈ సభలో హౌస్ సర్జన్లు ముందు, నర్సులు వెనక కూర్చున్నారు. ఇవాళ్టి విషయానికి ఇది తిరగబడ్డ వరస. నేను కుట్టు వేయడం నేర్చుకున్నది ప్రొఫెసర్ల దగ్గర కాదు, నైట్ డ్యూటీలో ఒక థియేటర్ సిస్టర్ దగ్గర.

మనవైపు ఎవరికైనా దెబ్బ తగిలిందంటే, పలకరించడానికి వచ్చినవాళ్ళు మొదట అడిగేది మీకు తెలుసు. "ఎన్ని కుట్లు పడ్డాయి?" మూడు అంటే "పోన్లే, గండం తప్పింది" అంటారు. పన్నెండు అంటే గుండెల మీద చెయ్యి వేసుకుంటారు. అదే గాయానికి నేను ఆరు వేస్తే, పక్క డ్యూటీ డాక్టరు తొమ్మిది వేయొచ్చు. గాయం మాత్రం మారదు. కేసు పెట్టాలనుకున్నవాళ్ళు "ఇంకో రెండు పడేట్టు చూడండి డాక్టరుగారూ" అని బతిమాలడమూ విన్నాను. వూండ్ సర్టిఫికెట్‌లో రాయాల్సింది పొడవు, వెడల్పు, లోతు అని చెబితే వాళ్ళకి నచ్చదు.

ఈ లెక్క పిచ్చి జనానిదే అనుకోకండి, మనకీ ఉంది. తెగిన చర్మం కనబడగానే చెయ్యి నీడిల్ హోల్డర్ మీదకి పోతుంది. ఎలా మూయాలి అన్నది అసలు చివర్లో వచ్చే ప్రశ్న. మూయాలా వద్దా, మూస్తే ఇవాళేనా అన్నవి దానికంటే ముందున్నాయి. ఈ వరస నాకు ఎలా తెలిసివచ్చిందో చెబుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్త. కోతల రోజులు. ఒకాయన ఎడమచేతి చూపుడువేలి మొదట్లో కొడవలితో తెగి వచ్చాడు. పొలంలోనే గడ్డి చామంతి ఆకు నలిపి పిండుకుని, పైన కాఫీపొడి అద్ది, తలగుడ్డ చింపి కట్టుకున్నాడు. బయట ఇంకో పదిమంది ఉన్నారు. నేను పైపైన తుడిచి, నాలుగు కుట్లు చూడముచ్చటగా వేసి పంపించాను. నాలుగో రోజుకి చెయ్యి బూరెలా పొంగింది. కుట్లు విప్పితే చీముతోపాటు కాఫీపొడి నలుసులు, ఒక వరిగడ్డి పరక బయటికొచ్చాయి. "పప్పు తిన్నానండీ, అందుకే చీము పట్టింది" అని ఆయనే నేరం నెత్తిన వేసుకున్నాడు. పప్పు తప్పేమీ లేదని చెప్పడానికి ఆ రోజు నాకు నోరు రాలేదు.

అందుకని ముందు నీళ్ళ సంగతి. గాయం పొడవులో ప్రతి సెంటీమీటరుకీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు. ఐదు సెంటీమీటర్ల గాయానికి పావు లీటరు నుంచి అర లీటరు అన్నమాట. మనం దూదిని సెలైన్‌లో ముంచి మూడుసార్లు తుడిచి "వూండ్ వాష్ డన్" అని రాస్తున్నాం. 20 మిల్లీలీటర్ల సిరంజికి 18 గేజ్ క్యాన్యులా గొట్టం తొడిగి నొక్కితే వచ్చే ధార లోపలి మట్టిని కదిలిస్తుంది, దూది ఆ పని చేయదు. సెలైన్ లేదని ఆగక్కర్లేదు. తాగడానికి పనికొచ్చే కుళాయి నీళ్ళతో కడిగితే చీము ఎక్కువేమీ పట్టడం లేదని అధ్యయనాల్లో తేలింది. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే బుసబుసా నురగ వస్తుంది, రోగికీ మనకీ ఏదో జరుగుతోందన్న తృప్తి. జరిగేదల్లా కొత్త కండ కట్టే కణాలు కూడా చచ్చిపోవడం. బెటాడిన్ చుట్టూ చర్మానికి రాయండి, గాయంలో పోయకండి. స్టెరైల్ గ్లవ్స్ అయిపోయాయని గాయాన్ని పెండింగ్ పెట్టేవాళ్ళకి ఒక మాట. టొరంటోలో 800 మందికి పైగా రోగుల మీద చూసి 2004లో ప్రచురించారు. మామూలు శుభ్రమైన గ్లవ్స్‌తో కుట్టినా ఇన్ఫెక్షన్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

కడగడం నొప్పి కాబట్టి ముందు మత్తు. మత్తుకంటే ముందు వేలు ముడవమనండి, చాపమనండి, కొసన స్పర్శ చూడండి. మత్తిచ్చాక నరం తెగిందో లేదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ఇక మోతాదు. ఎడ్రినలిన్ కలవని లిగ్నోకైన్ కిలోకి 4.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మన దగ్గరుండే 2 శాతం మందులో మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములు ఉంటుంది. 50 కిలోల మనిషికి 11 మిల్లీలీటర్లతో సరి. చిన్నపిల్లల దగ్గర ఈ లెక్క నోటితో కాదు, కాగితం మీద వేయండి.

ఈ కడుగుడు గోల ఎవరో కొత్తగా కనిపెట్టింది కాదు. సుశ్రుత సంహిత సూత్రస్థానం 25వ అధ్యాయం చూడండి. దుమ్ము, వెంట్రుకలు, గోళ్ళు, కదిలే ఎముక ముక్కలు ముందు తీసేయాలి, తీయకుండా కుడితే గాయం చీము పడుతుందని ఉంది. పప్పు ప్రస్తావన లేదు. వేల్లితకం, గోఫణిక, తున్నసేవని, ఋజుగ్రంథి అని కుట్టు రకాలు చెప్పాడు. కండ ఉన్నచోట మూడంచుల సూది వాడమన్నాడు. ఇవాళ మనం చర్మానికి వాడే కటింగ్ నీడిల్ కూడా మూడంచులదే. కుట్టు అంచుకి మరీ దగ్గరగా వేస్తే చర్మం తెగిపోతుందనీ, మరీ దూరంగా వేస్తే నొప్పనీ కూడా హెచ్చరించాడు. మనవాళ్ళు దీన్ని సభల్లో గొప్పగా చెప్పుకుంటారు, డ్రెస్సింగ్ గదిలో మర్చిపోతారు.

తర్వాత, "ఆరు గంటలు దాటింది, కుట్లు వేయం" అనే మాట. దీని పుట్టుక జర్మనీలో. 1898లో ఫ్రీడ్రిక్ అనే సర్జన్ గినీ పందుల గాయాల్లో తోట మట్టి, మెట్ల మీది దుమ్ము పెట్టి, ఎన్ని గంటల్లోపు ఆ కండ కోసేస్తే బతుకుతున్నాయో చూశాడు. అక్కడి ఆరు గంటలు ఇక్కడ మనకి శాసనమైపోయింది. జమైకాలోని కింగ్‌స్టన్‌లో 204 గాయాలు చూసి 1988లో రాసిన వ్యాసంలో 19 గంటల దాకా మూసినవి బాగానే మానాయి. తల, ముఖం మీదివైతే ఆలస్యంతో పనిలేకుండా మానాయి, అక్కడ రక్త ప్రసరణ అంత ఎక్కువ. కాబట్టి రాత్రి పడి పొద్దున వచ్చిన పిల్లాడి నుదుటి గాయాన్ని గడియారం చూసి తిప్పి పంపకండి. అదే, పేడలో పడి రెండు గంటల్లోనే వచ్చిన కాలి గాయాన్ని గడియారం చూసి మూసేయకండి. కడిగి, తడి గాజు గుడ్డ పెట్టి, నాలుగో రోజు రమ్మనండి. ఎర్రగా, శుభ్రంగా ఉంటే అప్పుడు కుట్టండి. యాంటీబయాటిక్ బిళ్ళలు కడగని గాయాన్ని కాపాడవు.

కుక్కకాటు సంగతి చెప్పకపోతే ఈ ఉపన్యాసం నేరమవుతుంది. సబ్బుతో, పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు. రక్తం వచ్చిన కాటుకి టీకాతోపాటు గాయంలోనూ చుట్టూనూ ఇమ్యునోగ్లోబులిన్. కుట్లు వీలైనంత వరకూ వద్దు. ముఖం చీలి మూయక తప్పకపోతే, ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించాక కొన్ని గంటలు ఆగి, రెండు మూడు వదులు కుట్లు. సూది గుచ్చిన ప్రతిచోటా వైరస్‌ని లోపలికి నెడుతున్నామని గుర్తుంచుకోండి.

గోదావరి జిల్లాల్లో పనిచేసేవాళ్ళకి సంక్రాంతికి ఇంకో రకం వస్తుంది, కోడికత్తి. తొడ మీద గంటు చూస్తే సెంటీమీటరే. రెండు కుట్లు వేసి పంపాలనిపిస్తుంది. కత్తి ఎంత లోతు దిగిందో పైన తెలియదు. రక్తం బయటికి రాకుండా మూత పెట్టి ఇంటికి పంపినట్టవుతుంది. అలాంటప్పుడు కిందనున్న పాదంలో నాడి చూడకుండా దారం విప్పొద్దు.

సరే, మూయాలని తేలింది. దేనితో? నాకు బాగా ఇష్టమైనది తల. నెత్తి చీలితే రక్తం ధారగా కారి, వెంట వచ్చినవాళ్ళు సగం ప్రాణం పోయిందనుకుంటారు. స్టేప్లర్ ఉంటే నిమిషంలో పని అవుతుంది. లేకపోతే 3-0 నైలాన్. కానీ ఇంకో పద్ధతి ఉంది. 2002లో సింగపూర్ డాక్టర్లు ప్రచురించారు. రక్తం ఆగి, గాయం పది సెంటీమీటర్లకి మించక, జుట్టు మూడు సెంటీమీటర్లైనా ఉంటే, అటు నాలుగైదు ఇటు నాలుగైదు వెంట్రుకలు తీసుకుని ఒక్క మెలి తిప్పి, మెలి మీద ఒక చుక్క మెడికల్ గ్లూ. ముడి అక్కర్లేదు, గొరగక్కర్లేదు, తర్వాత కుట్లు తీయక్కర్లేదు. జడలు వేసుకునే ఆడపిల్లలకి ఇంతకంటే ఏం కావాలి? తిరుపతిలో గుండు చేయించుకుని వచ్చినవాళ్ళకి మాత్రం కుదరదు.

ఆ గ్లూ పుట్టుక కూడా తమాషా. 1942లో హ్యారీ కూవర్ అనే కోడక్ కంపెనీ రసాయనవేత్త తుపాకుల గురిచూసే భాగానికి పారదర్శక ప్లాస్టిక్ వెతుకుతుంటే, ఇది ప్రతిదానికీ అంటుకుపోయి పనికిరాదని పక్కన పెట్టారు. తర్వాత వియత్నాం యుద్ధంలో రక్తం ఆపడానికి గాయాల మీద చల్లారు. చర్మానికి తగ్గట్టు మార్చిన రకానికి అమెరికాలో 1998లో అనుమతి వచ్చింది. కిరాణా కొట్లో దొరికే ఫెవిక్విక్ ఇది కాదు. అది గట్టిపడేటప్పుడు వేడి పుట్టిస్తుంది, కండని మంట పెడుతుంది. గాయంలో అది పోసుకొచ్చిన కుర్రాళ్ళని చూశాను. మన గ్లూ అయినా అంచులు రెండూ దగ్గరికి నొక్కి పైన మాత్రమే రాయాలి. నుదుటి మీదైతే తల వెనక్కి వాల్చి, కంటి వైపు కారకుండా గాజు గుడ్డ అడ్డం పెట్టాలి. దాని మీద ఆయింట్‌మెంట్ రాస్తే కరిగిపోతుంది. మోకాలు, వేళ్ళ కణుపులు, అరచేతులకి వద్దు. ఇంకా, మణికట్టు కింది చేతిలో రెండు సెంటీమీటర్ల లోపు మామూలు తెగుడు ఉంటే ఏమీ మూయకుండా కట్టు కట్టినా మచ్చలో తేడా రాలేదని 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది.

పెదవికి మాత్రం దారమే. ఎర్రటి భాగం, చర్మం కలిసే గీత ఉంటుంది. మందు ఎక్కిస్తే పెదవి ఉబ్బి ఆ గీత మాయమవుతుంది కాబట్టి ముందే రెండువైపులా చుక్క పెట్టుకోండి. మొదటి కుట్టు ఆ చుక్కల దగ్గరే. ఒక్క మిల్లీమీటరు తప్పినా ఎదురుగా నిలబడి మాట్లాడేవాళ్ళకి జీవితాంతం కనబడుతుంది. కనుబొమ్మ ఎప్పుడూ గొరగకండి, గీత పోతుంది. ముఖానికి 6-0 నైలాన్, ఐదు రోజుల్లో తీసేయాలి. 3-0 సిల్క్ బిగించి పదిరోజులు ఉంచితే, గాయం మానుతుంది గానీ బుగ్గ మీద జెర్రి పాకినట్టు మచ్చ మిగులుతుంది.

తీసే రోజులు అందరికీ తెలిసినవే. తలకి ఏడు నుంచి పది, కాలికి పది నుంచి పద్నాలుగు, అరికాలికి పద్నాలుగు. తెలియనిది, ఆ రోజుకి ఆ మనిషి ఎక్కడ ఉంటాడన్నది. ఇటుకబట్టీ పనికి వచ్చిన ఆవిడ భుజం కుట్టి "పదో రోజు రామ్మా" అన్నాను. "పదో రోజుకి మేం ఒడిశాలో ఉంటాం బాబూ" అంది. దారం కోసేసి, తొందరగా కరిగే దారంతో మళ్ళీ మొదలుపెట్టాను. కుట్టకముందే అడగాల్సిన మాట అది. తీసేవాళ్ళు లేని కుట్లు చర్మంలో పాతుకుపోయాక ఊళ్ళో ఎవరో బ్లేడుతో లాగేస్తారు.

భోజనాలయ్యాక పక్క హాల్లో బల్లల మీద తోలు తీయని మేకకాళ్ళు పెట్టించాం. వాటిని పొద్దున్నే తోటలో మట్టిలో దొర్లించాను, కొంచెం కాఫీపొడి కూడా అద్దాను. మొదటి అరగంట నీడిల్ హోల్డర్లు నా సంచిలోనే ఉంటాయి. బకెట్లు, సిరంజిలు కింద ఉన్నాయి. సిస్టర్లు ముందు బల్లల దగ్గరికి రండి.