భుజబలానికి క్రమసాధన
(ప్రసంగ పాఠం: రెడ్‌మండ్, వాషింగ్టన్ రాష్ట్రం)



కూచిపూడి నాట్యం, అన్నమయ్య కీర్తనలు, పద్యపఠనం జరిగే వేదికమీద ఇనుప బరువుల ప్రస్తావన ఏమిటని కొందరికి తోచవచ్చు. కాని వ్యాయామం మన సంస్కృతికి పరాయిది కాదు. దండాలు, బస్కీలు, కర్రసాము మన తాతముత్తాతలు ఎరిగినవే. ఉత్తరాంధ్ర పల్లెల్లో పండుగనాడు సంగిడి రాయి ఎత్తే పోటీలు జరగడం చాలామందికి తెలుసు. ఊరి యువకుడు ఆ రాతిని భుజానికి ఎత్తితే ఊరంతా చప్పట్లు కొట్టేది.

ఆ ప్రాంతంలోనే, వీరఘట్టంలో పుట్టారు కోడి రామమూర్తి నాయుడుగారు. విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయులుగా పనిచేసి, తరువాత సర్కస్ ద్వారా దేశమంతటా కీర్తి గడించారు. కలియుగ భీముడన్నారు ఆయనను. ఛాతీమీద ఏనుగును నిలుపుకున్న మల్లునిగా ఆయన పేరు నేటికీ చెప్పుకుంటారు. 1942లో ఆయన కీర్తిశేషులయ్యారు. శ్రీకాకుళంలోని స్టేడియం ఆయన పేరనే ఉంది. కృష్ణా జిల్లాకు చెందిన దండమూడి రాజగోపాలరావుగారు 1948 లండన్ ఒలింపిక్స్‌లో భారతదేశం తరఫున బరువులెత్తారు. 1963లో వచ్చిన నర్తనశాల చిత్రంలో భీముడు ఆయనే. మళ్లీ శ్రీకాకుళం జిల్లా నుంచే, ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరంలో సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం గెలిచారు. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ మన తెలుగింటి అమ్మాయి.

ఈ పేర్లు గొప్పకోసం చెప్పడం లేదు. ఇంటిపేరు వారసత్వంగా వస్తుంది, పొలం వారసత్వంగా వస్తుంది, బలం మాత్రం ఎవరికి వారు సంపాదించుకోవలసిందే. ఆ సంపాదించే పద్ధతిని, నేటి యువతీ యువకులకు ఎంతో ఇష్టమైన బెంచ్ ప్రెస్ ఆధారంగా వివరించాలని మా ఉద్దేశం.

ముందుగా, ఇది మనకు ఎందుకు? రెడ్‌మండ్ సంగతి మీకు తెలియనిది కాదు. 1986లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఇక్కడికి తరలివచ్చిన తరువాత మన కుటుంబాలెన్నో ఈ చుట్టుపక్కల స్థిరపడ్డాయి. మన పని కుర్చీలో, మన ప్రయాణం కారులో. డిసెంబరు నెలలో సాయంత్రం నాలుగున్నర కాకముందే పొద్దు గూకుతుంది. మేరీమూర్ పార్కులో నడుద్దామంటే చీకటి, చినుకు. దీనికితోడు మన సంతతివారికి మధుమేహం తక్కువ బరువుకే వస్తుంది. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లో ఆసియా సంతతివారికి పరీక్ష మొదలుపెట్టవలసిన బి.ఎం.ఐ.ని 25 నుంచి 23కు తగ్గించింది. సన్నగా కనిపించినా కండ తక్కువ, కొవ్వు ఎక్కువ కావడం మనవారిలో తరచు చూస్తున్నాము. రక్తంలోని చక్కెరను పీల్చుకునే పెద్ద గిడ్డంగి కండరమే. వారానికి కనీసం 2 రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలని 2018లో అమెరికా ప్రభుత్వం ప్రకటించిన సూచనలు పెద్దలందరికీ చెబుతున్నాయి.

బెంచ్ ప్రెస్ అంటే బల్లమీద వెల్లకిలా పడుకొని, బరువున్న కడ్డీని ఛాతీవరకు దించి, తిరిగి చేతులు చాపేవరకు నెట్టడం. ఛాతీ కండరాలు, భుజాల ముందుభాగం, మోచేతి పైన చేతి వెనుకనుండే ట్రైసెప్స్ ఇందులో పనిచేస్తాయి. ఇది ఒలింపిక్స్‌లో లేదు. పారాలింపిక్స్‌లో మాత్రం కాళ్లకు వైకల్యం ఉన్న క్రీడాకారులు పవర్‌లిఫ్టింగ్‌లో పోటీపడేది ఈ ఒక్క విద్యలోనే. 2004లో ఏథెన్స్‌లో మన దేశానికి చెందిన రాజిందర్ సింగ్ రహేలు ఇందులో కాంస్యం గెలిచారు. కాళ్లు సహకరించని మనిషి భుజాలతో దేశానికి పతకం తెచ్చాడంటే ఈ సాధన ఎంత మర్యాదైనదో గ్రహించవచ్చు.

ఇక పద్ధతి చూద్దాము. మొదటిది భంగిమ. రెండు పాదాలు నేలమీద గట్టిగా ఆనాలి. రెక్కల ఎముకలను వెనుకకు, కిందికి లాగి బల్లకు అదిమి ఉంచాలి. పిరుదులు బల్లమీదనుంచి లేవరాదు. బొటనవేలు కడ్డీని చుట్టి పట్టుకోవాలి. అలా పట్టకపోతే కడ్డీ జారి గుండెమీద పడే ప్రమాదం ఉంది. మోచేతులను పక్కలకు పూర్తిగా బార్లా చాపకుండా కొంచెం లోపలికి ఉంచితే భుజాల కీళ్లకు శ్రమ తగ్గుతుంది. కడ్డీ ఛాతీ కిందిభాగాన్ని మెల్లగా తాకాలి, ఎగిరి పడరాదు.

రెండవది, కొంచెం కొంచెంగా పెంచడం. 1940లలో థామస్ డిలోర్మ్ అనే అమెరికన్ సైనిక వైద్యుడు, యుద్ధంలో గాయపడిన సైనికుల కండరాలకు తిరిగి సత్తువ తెప్పించడానికి బరువులను క్రమంగా పెంచే చికిత్స ప్రవేశపెట్టాడు. నేటి పద్ధతులన్నిటికీ మూలసూత్రం అదే: ఈనాడు మోయగలిగినదానికి మరికొంచెం చేర్చడం, శరీరం అలవాటు పడ్డాక మరికొంచెం. వ్యాయామశాలలోని మామూలు కడ్డీ బరువే 45 పౌన్లు. కొత్తవారు వట్టి కడ్డీతోనే వారం రెండు వారాలు భంగిమ నేర్చుకోవాలి. అదీ బరువైతే దండాలతోనో, చిన్న డంబెల్స్‌తోనో మొదలుపెట్టవచ్చు. అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఉదాహరణకు 65 పౌన్లతో ఐదేసి సార్లు, మూడు విడతలు చేయగలిగిన యువకుడు వారానికి 5 పౌన్లు పెంచితే తొమ్మిదో వారానికి 105 పౌన్లకు చేరతాడు. అదే లెక్క ఆగకుండా సాగితే యాభై రెండో వారానికి 320 కావాలి. శరీరం అలా వడ్డీ లెక్కన నడవదు. మొదటి నెలల్లో పెరుగుదల త్వరగా ఉంటుంది, తరువాత నెమ్మదిస్తుంది. అప్పుడు బరువు పెంచకుండా ఐదుసార్లను ఆరుకు, ఏడుకు, ఎనిమిదికి తెచ్చి, ఆ తరువాతే 5 పౌన్లు చేర్చి మళ్లీ ఐదుకు రావాలి. 65 పౌన్లు ఎత్తే అమ్మాయికి 5 పౌన్లంటే దాదాపు 8 శాతం, 200 ఎత్తే అబ్బాయికి రెండున్నర శాతమే. కాబట్టి తక్కువ బరువు ఎత్తేవారు ఒక పౌను, అర పౌను ప్లేట్లు కొనుక్కోవడం మేలు.

మూడవది, వారంలో రెండు రోజులు, ఒకటి బరువైనది, ఒకటి తేలికైనది. ఒకరు 135 పౌన్లను శక్తికొద్దీ ఐదుసార్లు ఎత్తగలరనుకుందాము. ఐదును ముప్ఫైతో భాగించి, దానికి ఒకటి కలిపి, 135తో గుణిస్తే 157 పైచిలుకు వస్తుంది. ఆయన ఒక్కసారి ఎత్తగల గరిష్ఠ బరువుకు ఇది ఉజ్జాయింపు లెక్క. గరిష్ఠం ఎంతో తెలుసుకోవడానికి ప్రతివారం ప్రాణంమీదికి తెచ్చుకోనవసరం లేదు. బరువైన రోజున 125 పౌన్లతో నాలుగైదు సార్లు, నాలుగు విడతలు. తేలికైన రోజున 105 పౌన్లతో ఎనిమిదిసార్లు, మూడు విడతలు. విడతకూ విడతకూ మధ్య రెండు మూడు నిమిషాల విశ్రాంతి. నాలుగైదు వారాలకొకసారి ఒక వారం సగం పనే చేయాలి. పొలాన్ని బీడు పెట్టిన రైతుకు ఆ విలువ తెలుసు.

నాలుగవది, ఎక్కడ ఆగిపోతున్నామో గమనించడం. కడ్డీ ఛాతీమీదనుంచే లేవకపోతే, అక్కడ ఒక సెకను కదలకుండా నిలిపి నెట్టే అభ్యాసం చేయాలి. పోటీలలో ఎటూ అలా నిలపడం నియమమే. సగం దూరం లేచి ఆగితే, చేతులు కొంచెం దగ్గరగా పట్టి చేసే ప్రెస్ ట్రైసెప్స్‌కు బలమిస్తుంది. ముందుకు నెట్టినంతగా వెనుకకు లాగే వ్యాయామం, అంటే రోయింగ్, తప్పక చేయాలి. రోజంతా కీబోర్డుమీద వంగిన భుజాలకు ఇది మరీ అవసరం. కాళ్ల వ్యాయామం మరువరాదు. బస్కీలు తీసిన మన పెద్దలు ఆ తప్పు చేయలేదు.

ఐదవది ఆహారం, నిద్ర. బరువులెత్తేవారికి శరీర బరువులో కిలోకు రోజుకు సుమారు 1.6 గ్రాముల మాంసకృత్తులు సరిపోతాయని పరిశోధనలు చెబుతున్నాయి. 70 కిలోల మనిషికి 112 గ్రాములు. మన పళ్లెంలో అన్నం కొండంత, పప్పు గరిటెడు. ఆ నిష్పత్తిని కాస్త మార్చాలి. 100 గ్రాముల పచ్చి కందిపప్పులో సుమారు 22 గ్రాములు, ఒక గుడ్డులో 6, కప్పు పెరుగులో 8 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. శాకాహారులు పప్పు, పెరుగు, వేరుశెనగలు, పనీరు, సోయా కలిపి తింటే లోటుండదు.

పిల్లలు బరువులెత్తితే పొడుగు ఎదగరన్న భయం మన ఇళ్లలో ఉంది. సరైన పర్యవేక్షణలో తేలికగా చేసే వ్యాయామం ఎదుగుదలకు అడ్డురాదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. స్త్రీలకు ఎముకల దృఢత్వానికి బరువుల వ్యాయామం మేలు చేస్తుంది. రక్తపోటు, గుండె జబ్బు ఉన్న పెద్దలు మాత్రం వైద్యుని అడిగి మొదలుపెట్టాలి, ఊపిరి బిగబట్టి నెట్టరాదు.

చివరిగా అన్నిటికన్న ముఖ్యమైన మాట. ఓడిపోయినప్పుడు బరువు మన మీదికే వచ్చే వ్యాయామం ఇది. కాబట్టి తలవైపు ఒక మనిషి తోడు నిలబడాలి. తోడు లేకపోతే ఇరువైపులా కడ్డీని ఆపే ఇనుప ఆధారాలు పెట్టుకోవాలి. అవీ లేని బల్లమీద ఒంటరిగా బరువెత్తరాదు. మా వ్యాయామశాలలలో మన యువకులు చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకొని, పక్కవారిని సాయమడగడానికి మొహమాటపడి, మోయలేని బరువుకింద పెనుగులాడటం చూస్తున్నాము. అడగడం సిగ్గుపడవలసిన పని కాదు.

తోడు నిలబడటంలో ఒక మర్యాద ఉంది. కడ్డీ ఆగినదాకా చేయి వేయరాదు, ఆగిన తరువాత ఆలస్యం చేయరాదు. పిల్లలను పెంచడంలోనూ ఇదే కదా కష్టం! మన ఇళ్లలో పిల్లవాని మార్కులు నాన్నకు కంఠతా వస్తాయి, వాడు ఎంత బరువు ఎత్తుతాడో తెలియదు. ఆదివారం ఒక గంట తండ్రీ కొడుకులు, తల్లీ కూతుళ్లు, అత్తా కోడళ్లు వ్యాయామశాలకు కలిసి వెళ్లండి. ఒకరెత్తుతుంటే ఒకరు తలవైపు నిలబడండి. తేదీ, బరువు, ఎన్నిసార్లు అన్నది ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. మన సంఘం కూడా ఇంటికి దూరంగా ఒంటరిగా ఉంటున్న కుర్రవాళ్లకు అలాంటి జోడీలు కుదర్చగలిగితే ఎంతో మేలు చేసినట్లవుతుంది.