ఎల్లమ్మ దాక్కున్నది మన లందలోనే
(ఒక మాదిగవాడ సభలో ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



"సారూ, అంబేద్కర్ ఫోటో ముందు ఎల్లమ్మ కత ముచ్చటేంది?" అని మన పిల్లలు అడిగిండ్రు. న్యాయమైన ప్రశ్నే. డిగ్రీ పాసై వచ్చినప్పుడు నేనూ మా అమ్మను అదే అడిగిన. మా ఇంట్ల బడి గడప తొక్కిన మొదటోణ్ణి గదా, అన్నీ తెలుసనుకున్న. అమ్మ ఒక్కటే అన్నది: "బైండ్లోళ్ళు జమిడిక పట్టుకోని వచ్చిన రాత్రి నా పక్కన కూసో. తర్వాత మాట్లాడు."

కూసున్న. కత మీకెరుకే. రేణుక జమదగ్ని భార్య. ఇసుకతో కుండ చేసి నీళ్ళు తెచ్చేంత నిష్ఠ ఆమెది. ఒకనాడు నీళ్ళకాడ పరాయి మొగోణ్ణి చూసి మనసు చలించిందట. అంతే. తల్లి తల నరుకుమని తండ్రి చెప్పిండు, పరశురాముడు నరికిండు. సంస్కృత పురాణంల కొడుకు వరమడుగుతడు, తల్లి బతుకుతది, కత కంచికి పోతది. మా దిక్కు బైండ్లోళ్ళు అంత సులువుగ వదలరు. వాళ్ళ కతల ఎల్లమ్మ ప్రాణం కోసం ఉరుకుతది. ఉరికి ఉరికి మాదిగింటికొస్తది. తోళ్ళు నానేసే లందల దాక్కుంటది. ఇంకొన్ని చోట్ల, అడ్డమొచ్చిన మన ఆడమనిషి తల గూడ తెగిందనీ, బతికించేటప్పుడు తలలు తారుమారైనయనీ చెప్తరు. ఊరూరికీ ఒక తీరు.

లంద ఘట్టం రాంగనే ఆడోళ్ళంతా ముందుకు జరిగిండ్రు. అమ్మ కొంగు నోట్లె కుక్కుకున్నది. నాకప్పుడు మా నాయిన చేతులు యాదికొచ్చినయి. ఆ లంద వాసన ఆయన చచ్చేదాక పోలేదు. ఆ వాసనకే నన్ను బళ్ళె వెనక కూసోబెట్టిండ్రు. ఊరు ముక్కు మూసుకునే తావే దేవతకు దిక్కైందని పాడుతుంటే ఎవరికి నిద్రొస్తది? వందల ఏండ్లుగ ఈ పాట బతికింది మొక్కులతోని గాదు. తప్పు లేకుండ తల తెగిన ఆడమనిషి అందులున్నది, ఆమెను దాచిన మనమున్నం. (పాడేటోళ్ళే తక్కువైతుండ్రు. బైండ్ల పిల్లలు ఆటోలు నడుపుతుండ్రు, వాళ్ళను తప్పు పట్టలేం.)

ఇగ అసలు మాట. అదే ఎల్లమ్మ పేరు చెప్పి మన ఆడపిల్లలనే జోగినీలుగ విడిచిండ్రు. మా మేనత్త జోగిని. జాతర్ల ముందు నడిపిస్తరు, పెండ్లి పీట మీద కూసోనియ్యరు. నేను కొలువుల చేరినంక ఒక జోగిని కొడుకును బళ్ళె చేర్పించుకుంటున్న. రిజిస్టర్ల తండ్రి పేరు కాడ నా కలం ఆగింది. ఆ తల్లి నేల చూసుకుంట నిలవడ్డది. ఆ పిల్లగాని తండ్రెవరో ఊరంతకెరుకే! 1988ల జోగిని వ్యవస్థను నిషేధిస్తూ చట్టమొచ్చింది. చట్టం కాయితం మీదుంటే, జాతర నేల మీదున్నది.

అందుకని పాటను పారేద్దామా? నేనొద్దంటున్న. నేను విన్న కతల ఎల్లమ్మ తలదాచుకునే చోటడిగింది, ఆడపిల్లనడగలేదు. ఆ అడిగింది ఎవరో, పాట తెలిసినోళ్ళే ఊరి మధ్యన నిలబడి చెప్పాలె.

ఈసారి కొలుపు రాత్రి లంద ఘట్టం కాంగనే జమిడిక కొద్దిసేపు ఆపుమని బైండ్ల పెద్దమనిషినడిగిన. మా మేనత్త లేచి మాట్లాడుతది. ఆయన ఒప్పుకున్నడు. పెత్తందార్లు ఏమంటరో తెల్వదు. మీరు మాత్రం ఆ రాత్రి పండుకోకుండ్రి, ముందటి వరుసల కూసోండ్రి.