పొలము పనివారి భోజనము, అలసట



ఎద్దు నాగలి లాగలేకపోయినచో మొదట దాని మేతను విచారింతుము. మిరప కోయువాడు మధ్యాహ్నము కాకముందే చతికిలబడినచో మాత్రము, "వీడు సోమరి" యందుము. ఇది న్యాయము కాదు.

ఖమ్మము మొదలు భద్రాచలము అడవి సరిహద్దు వరకు పలువురు ప్రొద్దున టీ మాత్రమే త్రాగి చేనికి పోవుచున్నారు. మధ్యాహ్నము తెల్లని మిల్లు బియ్యపు అన్నము, మిరపకాయ పచ్చడి. ఇందువలన కడుపు నిండును గాని సత్తువ నిలువదు. కాయకష్టము చేయు పురుషునకు దినమునకు సుమారు 3,470 కెలోరీల ఆహారము వలయుననియు, కూర్చుండి పనిచేయువానికి 2,110 చాలుననియు భారత వైద్య పరిశోధన మండలివారు 2020లో ప్రకటించిరి.

బియ్యపు గింజపై తవుడు పొరలో థయమిన్ అను విటమిను కలదు. తిన్న అన్నము శక్తిగా మారుటకు అది యవసరము. మిల్లులో తవుడు పోవును. మిగిలినది పలుమార్లు కడుగుటచేతను, గంజి వార్చుటచేతను పోవును. పూర్వము ఉత్తర సర్కారు జిల్లాలలో తెల్లబియ్యమే ప్రధానముగా తిన్నవారికి బెరిబెరి వచ్చి కాళ్లు తిమ్మిరెక్కి బలము తగ్గెడిది. ఆ వ్యాధిని పరిశోధించుటకై 1918లో కూనూరున నెలకొల్పిన శాఖయే క్రమముగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా నున్నది.

రక్తహీనత అలసటకు మఱియొక కారణము. భోజనముతో టీ త్రాగినచో ఆహారములోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. నిమ్మరసము, ఉసిరిక చేర్చినచో బాగుగ పట్టును. వట్టికాళ్లతో నడచువారికి పాదముల గుండ ప్రవేశించు కొంకిపురుగులు కూడ రక్తమును హరించును.

కావున ఈ క్రింది విధముగా నడచుకొనుడు:

1. పనికి పోకముందు జొన్న జావయో, చల్ల కలిపిన అంబలియో త్రాగవలెను.

2. దంపుడు బియ్యముగాని ఉప్పుడు బియ్యముగాని వాడవలెను. గంజిని పారబోయరాదు.

3. దినమును కందిపప్పుగాని పెసరపప్పుగాని, తోటకూర, మునగాకు వంటి ఆకుకూరయు తినవలెను.

4. టీని భోజనమునకు గంట ముందో వెనుకనో త్రాగవలెను.

5. ఎండలో దప్పిక కాకముందే నీరు త్రాగుచుండవలెను.

ఇంత చేసినను నీరసము తీరక, ముఖము పాలిపోయినను, ఆయాసము కలిగినను, చలిజ్వరము వచ్చినను ఆలస్యము చేయక ప్రభుత్వ వైద్యశాలకు పోవలెను.

ప్రత్తి, మిరప వేయుట మానుమని మేము చెప్పుట లేదు. చెలకలో కొంత భాగము జొన్నకును కందికిని విడువుడు. మీ పొలమున పనిచేయు కూలీలకు ప్రొద్దున అంబలి పోయుడు. అది దానము కాదు, సేద్యపు ఖర్చులలో నొకటి. దాని ఫలితము సాయంకాలమున కోసిన కాయల రాశిలో మీకే కనబడును.