నాలుగంగుళాల గ్రైండర్, గంటకు 207 కిలోమీటర్ల వేగం

ఇవాళ టాపిక్ కొంచెం మొరటుది. ఫోన్లు, యాప్‌లు పక్కన పెట్టేద్దాం. గ్రైండరు, డ్రిల్ మిషను, సుత్తి, ఉలి... వీటి గురించి మాట్లాడుకుందాం.

ఎందుకంటే మన వినుకొండలో ఏ వీధిలో చూసినా ఏదో ఒక ఇల్లు కడతానే ఉంటారు. మాచర్ల బండలు కోసే చప్పుడు పొద్దున్నే మొదలవుతుంది. ఆ కట్టర్ పట్టుకున్న కుర్రాడి వయసు చూడండి, పందొమ్మిదో ఇరవయ్యో ఉంటుంది. కాళ్లకు హవాయి చెప్పులు, ముక్కుకి తువ్వాలు, కళ్లకు ఏమీ ఉండవు. ఇంకో బ్యాచ్ ఉంది, ఆన్‌లైన్‌లో గ్రైండర్ ఆర్డర్ పెట్టి, ఒక రీల్ చూసి, డాబా మీద మొదలుపెట్టే మనలాంటి వాళ్లు. ఈ ఎపిసోడ్ ఇద్దరికీ.

ముందు ఒక చిన్న లెక్క. మామూలు నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి సుమారు 11,000 సార్లు తిరుగుతుంది. డిస్క్ వ్యాసం 10 సెంటీమీటర్లు, అంటే చుట్టుకొలత 31.4 సెంటీమీటర్లు. రెండూ గుణించండి. నిమిషానికి దాదాపు 3,450 మీటర్లు, గంటకు 207 కిలోమీటర్లు. డిస్క్ అంచు మీ చేతికి జానెడు దూరంలో ఆ స్పీడులో వెళ్తా ఉంది. ముక్క విరిగిందంటే అదే స్పీడులో వస్తుంది. తప్పుకుందాం అనుకునే లోపలే వచ్చేస్తుంది. అందుకే జాగ్రత్తలన్నీ స్విచ్ వెయ్యకముందే తీసుకోవాలి.

మొదటిది, డిస్క్. దాని మీద రాసి ఉన్నది చదవండి. గరిష్ఠ ఆర్‌పీఎం ఎంతో ఉంటుంది. అది మీ మిషను ఆర్‌పీఎం కంటే ఎక్కువ ఉండాలి. ఇనుము కోసే రెసిన్ డిస్కుల మధ్యలో లోహపు రింగు ఉంటుంది, చాలా కంపెనీల డిస్కులకు దాని మీదే గడువు తేదీ ఉంటుంది. మందు బిళ్లకు ఎక్స్‌పైరీ చూస్తాం కదా, దీనికీ అలాగే చూడాలి. చెమ్మ తగిలినా, కింద పడి పగులు పట్టినా ఆ డిస్క్ పక్కన పడెయ్యండి. కొత్త డిస్క్ బిగించాక ఒక నిమిషం ఖాళీగా తిప్పండి, మీరు పక్కకి నిలబడి.

రెండోది, గార్డు. ఇది చాలామంది కొన్నరోజే పీకేస్తారు. ‘అడ్డం వస్తుందన్నా’ అంటారు. గార్డు తీసేస్తే ఐదంగుళాల డిస్క్ కూడా పడుతుంది, పని తొందరగా అవుతుందని ఇంకో ఆశ. ఇక్కడ ఒక విషయం గమనించండి. మన దగ్గర దొరికే నాలుగంగుళాల డిస్క్ చిల్లు మామూలుగా 16 మిల్లీమీటర్లు, ఐదంగుళాల దాని చిల్లు 22 చిల్లర. అంటే పెద్ద డిస్క్ ఆ మిషనులో సరిగ్గా మధ్యలో కూర్చోదు. పక్కకి జరిగి ఊగుతా తిరుగుతుంది. పైన గార్డు కూడా లేదు. ఇక చెప్పేదేముంది?

చెక్క కోసే పళ్ల బ్లేడు కూడా గ్రైండర్‌కి వేస్తారు. దయచేసి వద్దు. పన్ను చెక్కలో ఇరుక్కుంటే మిషను మొత్తం మీ మీదకి ఎగురుతుంది. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. చెక్కకి వేరే రంపం ఉంది, అదే వాడండి.

బండ కోసేటప్పుడు కూడా కిక్‌బ్యాక్ వస్తుంది. బండకి రెండు చివర్లా రాళ్లు పెట్టి మధ్యలో కోశారనుకోండి. కోత లోతుకి వెళ్లేకొద్దీ బండ మధ్యలో కిందకి వంగుతుంది, పైన కోత మూసుకుంటుంది, బ్లేడుని నొక్కేస్తుంది. అందుకని కోత గీతకి రెండు వైపులా, దగ్గరగా, కింద ఊతం పెట్టండి. రెండు చేతులతో పట్టుకోండి. సైడ్ హ్యాండిల్ ఇచ్చింది దానికే. డిస్క్ తిరిగే గీతకి ఎదురుగా మీ ముఖం, మెడ ఉండకూడదు. స్విచ్ ఆపాక కూడా డిస్క్ కొన్ని సెకన్లు తిరుగుతానే ఉంటుంది, ఆగేదాకా కింద పెట్టొద్దు. ఒక చేత్తో ఫోన్, ఒక చేత్తో గ్రైండర్ పట్టుకుని రీల్ తియ్యొద్దు. వీడియో కావాలంటే ట్రైపాడ్ ఉంది, ఫ్రెండ్ ఉన్నాడు.

మూడోది, కరెంటు. ప్లగ్గు ఊడిపోతే రెండు వైర్లూ సాకెట్‌లో దూర్చి అగ్గిపుల్లలతో బిగించడం మనందరికీ తెలిసిన విద్యే. దానికి తోడు కింద నీళ్లు, పైన అతుకుల వైరు. మీ ఇంటి బోర్డులో 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ ఉందో లేదో చూడండి. కరెంటు మీ ఒంట్లోంచి భూమిలోకి పోతుంటే అది కనిపెట్టి కన్నుమూసి తెరిచేలోగా ఆపేస్తుంది. మామూలు ఎంసీబీ ఆ పని చెయ్యదు, అది వైరు కాలిపోకుండా చూసుకుంటుందంతే. డిస్క్ మార్చేటప్పుడు స్విచ్ ఆపడం ఒక్కటే చాలదు, ప్లగ్గు పీకాలి.

నాలుగోది, దుమ్ము. దీని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీని దెబ్బ ఆరోజు కనబడదు. రాయిలో ఉండే సిలికా పొడి ఊపిరితిత్తుల్లో దిగితే సిలికోసిస్ వస్తుంది. వచ్చాక నయం చేసే మందు లేదు. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో పలక బలపాలు చేసే కార్మికులు ఈ జబ్బుతో చిన్న వయసులోనే చనిపోయారు. మన మాచర్ల బండ సున్నపురాయి, అందులో సిలికా తక్కువ. కానీ అదే కుర్రాడు మధ్యాహ్నం గ్రానైట్ కోస్తాడు, సాయంత్రం కిచెన్ ప్లాట్‌ఫామ్‌కి క్వార్ట్జ్ బండ కోస్తాడు. ఫ్యాక్టరీలో తయారయ్యే ఆ క్వార్ట్జ్ బండల్లో చాలావాటిలో 90 శాతం దాకా సిలికా ఉంటుంది. కోసే కార్మికులు వరసగా జబ్బు పడుతుంటే ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఆ బండల్నే నిషేధించింది.

తువ్వాలు ఈ దుమ్ముని ఆపదు. ఊపిరితిత్తుల్లోకి దిగే రేణువు కంటికి కనబడనంత చిన్నది. ఎన్95 మాస్కు వెయ్యండి, గడ్డం దగ్గర సందు లేకుండా. అంతకంటే మంచిది నీళ్లతో కొయ్యడం. అయితే నీళ్ల పైపు అమర్చుకునే కట్టరే వాడాలి, ఆర్‌సీసీబీ ఉండాలి. మామూలు గ్రైండర్ మీద చెంబుతో నీళ్లు పొయ్యొద్దు.

చేతి పనిముట్ల సంగతి గబగబా చెప్పేస్తాను. ఉలి తల కొట్టీ కొట్టీ పుట్టగొడుగులా విచ్చుకుంటే ఆ అంచు ముక్కలు బుల్లెట్‌లా లేస్తాయి, దాన్ని అరగదీసి సాపు చెయ్యండి. వదులైన సుత్తి పిడిని గుడ్డ చుట్టి వాడొద్దు. స్క్రూడ్రైవర్ ఉలి కాదు. పానా సరిపోకపోతే సరిపోయేది తెచ్చుకోండి. ఇక డ్రిల్ దగ్గర వదులు గ్లౌజులు, మెళ్లో తువ్వాలు, చేతికి తాళ్లు, వేలాడే ఇయర్‌ఫోన్ వైరు ఏవీ ఉండకూడదు. కళ్లజోడు ఉన్నా సరే, పక్కలు మూసి ఉండే గాగుల్స్ వేరే పెట్టుకోవాలి.

ఇప్పుడు మళ్లీ లెక్క. మన దేశంలో వేలికి రేటు ఉంది, తెలుసా? 1923 నాటి నష్టపరిహార చట్టంలో ఒక పట్టిక ఉంది. ఇప్పుడు అది సోషల్ సెక్యూరిటీ కోడ్‌లోకి వచ్చింది. బొటనవేలు పోతే 30 శాతం నష్టం. చూపుడువేలు మొత్తం పోతే 14 శాతం. రెండో కన్ను బాగుండి ఒక కంటి చూపు పోతే 30 శాతం. 2020లో పెట్టిన 15,000 రూపాయల నెల వేతన పరిమితితో, 20 ఏళ్ల కుర్రాడికి ఆ చట్టం ప్రకారం లెక్కేస్తే చూపుడువేలికి వచ్చేది 2,82,240 రూపాయలు. బొటనవేలికి 6,04,800. జీవితాంతానికి అంతే. అదీ పని చేయించినాయన ఉండి, ఆ పని రుజువైతే. మన డాబా మీద మనం కోసుకుంటే ఎవర్ని అడుగుతాం?

కాబట్టి ఫ్రెండ్స్, మీ ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రికి ఇచ్చే సామాన్ల లిస్టులో గాగుల్స్, ఎన్95 మాస్కులు కూడా రాయండి. బండల ఖర్చు ముందు అదొక ఖర్చే కాదు. పనికొచ్చే కుర్రాళ్లు 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, ఏడాదిలో 90 రోజులు కట్టుబడి పని చేసి ఉంటే భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదు కావచ్చు. ఆ ఫారం నింపడానికి మన ఫోను, మన చదువు పనికొస్తాయి.

ఇంత చెప్పినా దెబ్బ తగిలితే? వేలు తెగితే ముందు రక్తం ఆపండి. శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి, చెయ్యి పైకెత్తి ఉంచండి. 108కి ఫోన్ చెయ్యండి. తెగిన ముక్కని తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, పాలిథిన్ కవర్‌లో పెట్టి మూతి కట్టి, ఆ కవర్‌ని ఐస్ నీళ్లలో పెట్టండి. ముక్క నేరుగా ఐస్‌కి తగలకూడదు, నీళ్లలో నానకూడదు. పసుపు, కాఫీ పొడి అద్దొద్దు. వినుకొండ నుంచి నరసరావుపేట మీదుగా గుంటూరు చేరేసరికి టైమ్ పడుతుంది, అందుకే ఈ ప్యాకింగ్ ముఖ్యం. కంట్లో ముక్క గుచ్చుకుంటే నలపొద్దు, కొంగు కొసతో తియ్యొద్దు, చనుబాలు పొయ్యొద్దు. కంటి మీద నొక్కుడు పడకుండా ఒక పేపర్ కప్పు బోర్లించి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

సాఫ్ట్‌వేర్‌లో ఏది చెడిపోయినా పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లొచ్చు. వేలికి ఆ సౌకర్యం లేదు. ఈ రాత్రికి ఒక్క పని చెయ్యండి. ఇంట్లో గ్రైండర్ ఉంటే బయటికి తీసి గార్డు ఉందా, డిస్క్ మీద తేదీ ఎంత, ప్లగ్గు సరిగ్గా ఉందా చూడండి. తేడాగా ఉన్నది ఏంటో కామెంట్‌లో రాయండి, అందరికీ పనికొస్తుంది. మీకు తెలిసిన కుర్రాడెవరైనా బండల పనికో, వెల్డింగ్ షాపుకో వెళ్తుంటే ఈ వీడియో వాడికి పంపండి. ఉంటాను మరి, జాగ్రత్త.