పరిచారికలను నిలుపుకొనుట



చరకసంహితయందు సూత్రస్థానమున 9వ అధ్యాయములో చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఈ నాలుగును గుణవంతములైనపుడే రోగము శమించునని ఆచార్యుని మతము. పరిచారకునకు వలయు గుణములును నాలుగే. ఉపచారము తెలిసియుండుట, నేర్పు, తాను సేవించువానియందు అనురాగము, శుచిత్వము.

ఇందు ఉపచారజ్ఞానమును, నేర్పును పాఠశాల నేర్పగలదు. శుచిత్వము అభ్యాసమువలన అలవడును. ఇక అనురాగమన్ననో, దానిని ఏ యధికారియు ఉత్తరువు వ్రాసి పుట్టింపజాలడు. అలసిన దేహమునందును, అవమానపడిన మనస్సునందును అది చిరకాలము నిలువదు. కావున అది నిలుచుటకు తగిన స్థితిని కల్పించుట వైద్యశాలలు నడుపువారి ధర్మము. నేడు నేను విన్నవింపదలచినది ఈ యొక్క మాటయే.

మా తిరుచానూరునకు తిరుపతి మూడుమైళ్ల దూరము. అచ్చట 1960లో శ్రీవేంకటేశ్వర వైద్యకళాశాలయు, 1993లో స్విమ్సు అని జనులు పిలుచు వైద్యవిజ్ఞానసంస్థయు, 2021లో పసిబిడ్డల గుండెజబ్బులకై శ్రీపద్మావతీ హృదయాలయమును వెలసినవి. రాయలసీమ నలుమూలలనుండి రోగులు వచ్చుచున్నారు. భవనములు లేచినవి, యంత్రములు వచ్చినవి. అయినను ఏ వైద్యశాలయందైనను రాత్రి రెండుగంటలవేళ మంచముకడ నిలుచునది నర్సే గదా!

ఈ వృత్తి మన సీమకు క్రొత్తది కాదు. చిత్తూరు 1911లో ప్రత్యేకజిల్లా యగువరకు ఉత్తరార్కాటు జిల్లాలోనిదే. ఆ జిల్లాయందలి వేలూరులో ఐడా స్కడ్డరు అను వైద్యురాలు 1900లో ఒక్క పడకతో వైద్యమారంభించి, 1909లో నర్సుల పాఠశాల నెలకొల్పెను. 1946లో అచ్చట పట్టపరీక్షకు చదువు మొదలైనది. ఆ యేటనే భోరు సంఘమువారు దేశమంతటను నర్సులు సుమారు 7,000 మంది మాత్రమే యనియు, 43,000 మంది ప్రజల కొక్కరు చొప్పున ఉన్నారనియు లెక్క తేల్చిరి. అప్పటి చింత నర్సులను తయారుచేయుట యెట్లని. నేటి చింతయో, తయారైనవారిని నిలుపుకొనుట యెట్లని. ప్రపంచ ఆరోగ్యసంస్థవారి లెక్క ప్రకారము 2023లో లోకమున 58 లక్షలమంది నర్సుల కొరత కలదు. కావున ఇచ్చట విసిగినవారిని గల్ఫుదేశములును, బ్రిటనును చేతులు చాచి పిలుచుచున్నవి.

నా పూర్వశిష్యురాలొకతె ఒక ప్రైవేటు వైద్యశాలలో నాలుగేండ్లు పనిచేసి మానినది. కారణ మడుగగా ఆమె యిట్లనెను: "అయ్యవారూ, జీతము తక్కువయని నేను మానలేదు. ఒకరాత్రి ఇరువది యిద్దరు రోగులను నాకొక్కతెకే అప్పగించినారు. ఒక ముసలమ్మ నీళ్లడిగినది. నేను పోవునప్పటికి ఆమె నిద్రపోయినది. దప్పికతోనే నిద్రపోయినదిగదా యని తలచుకొన్నపుడెల్ల నాకు నిద్ర రాదు." ఆమె పని మానుదునన్నపుడు ఆ యాజమాన్యమువారు ఆమె సర్టిఫికెట్లను బిగబట్టి, సొమ్ము కట్టుమనిరట. గుంజకు కట్టిన యావు నిలుచును గాని చేపదు. ఆమె యిప్పుడు మస్కట్టులో నున్నది. తల్లిదండ్రులను పోషించుకొను ఆ బిడ్డను తప్పుపట్టుటకు నాకు నోరు రాదు.

ఇక చేయవలసినదేమి? మొదటిది, ఒక్కొక్కరికి అప్పగించు రోగుల సంఖ్య. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున 168 వైద్యశాలలను పరిశీలించి 2002లో పండితులు ప్రకటించిన విషయము వినుడు. నర్సున కప్పగించిన రోగులలో ఒక్కరు హెచ్చినకొలది, శస్త్రచికిత్స పొందినవారు మరణించు సంభావ్యత నూటికి 7 వంతులును, నర్సు విసిగి వేసారు సంభావ్యత నూటికి 23 వంతులును పెరుగుచున్నదట. రోగి ప్రాణమును, నర్సు మనస్సును ఒకే త్రాట వ్రేలాడుచున్నవన్నమాట. కాలిఫోర్నియా రాష్ట్రమువారు 1999లో శాసనము చేసి, 2004 నుండి ఈ సంఖ్యకు హద్దు విధించిరి.

రెండవది జీతము. సుప్రీముకోర్టువారు 2016 జనవరి 29న ఇచ్చిన తీర్పు ననుసరించి కేంద్రప్రభుత్వము ఒక సంఘమును నియమించెను. 200 పడకలకు మించిన ప్రైవేటు వైద్యశాలలలో సర్కారు నర్సులతో సమానముగా జీతమీయవలెననియు, 100 పడకలకు మించినచోట అంతకు నూటికి 10 వంతులకన్న, 50కి మించినచోట 25 వంతులకన్న తగ్గింపరాదనియు, అంతకన్న చిన్నవానియందైనను నెలకు 20,000 రూపాయలకు తక్కువ కారాదనియు ఆ సంఘము సూచించెను. సేవయను పవిత్రశబ్దమును జీతమునకు బదులుగా చెల్లింపరాదు.

మూడవది కాలము, రక్షణము. రాత్రిపని చేసినవారిని మరునాటి పగలు మరల నిలువబెట్టరాదు. రాత్రివేళ ఇల్లు చేర్చుటకు బండి యుండవలెను. శాసనము ప్రకారము బాలింతలకు 26 వారముల సెలవును, 50 మందికి తక్కువగాక పనిచేయుచోట శిశుసంరక్షణశాలయు ఉండవలెను. స్త్రీలకు వేధింపు కలిగినపుడు విచారించుటకు 2013నాటి శాసనము సంఘమును విధించుచున్నది. ఇవి దయాభిక్షలు కావు, విధులు.

నాలుగవది గౌరవము. 1983లో అమెరికాలోని నర్సుల విద్వత్పరిషత్తువారు 163 వైద్యశాలలను పరిశీలించి, నర్సులు విడువక అంటిపెట్టుకొనియుండునవి 41 మాత్రమే యని తేల్చి, వానికి అయస్కాంత వైద్యశాలలని పేరిడిరి. అచ్చటి ఆకర్షణ కేవలము ధనము కాదు. పనితీరు నిర్ణయించుటలో నర్సుల మాటకు చోటుండుట, తమ పక్షమున నిలుచు ముఖ్యపరిచారిక యుండుట, పైచదువునకు అవకాశముండుట, వైద్యులు వారిని సహచరులుగా నెంచుట. రోగి బంధువులమైన మనకును ఇందు పాలు కలదు. కేకలు వేసి పిలుచుటకు మారుగా "అమ్మా" యని పిలిచినచో మన సొమ్మేమియు పోదు.

"ఇన్నింటికి ధనమెక్కడిది?" అని యజమానులు అడుగవచ్చును. అనుభవమున్న నర్సు వెడలిపోయినపుడు ఆమె నేర్పును వెంటబోవును. క్రొత్తగా వచ్చిన పిల్ల పని గ్రహించులోపల మిగిలినవారిపై భారము పడును. వారిలో మరియొకతె వెడలును. చిల్లికడవతో నీరు తోడువాడు త్రాటికి, రెక్కలకష్టమునకు లెక్క వ్రాసుకొన్నచో, క్రొత్తకడవ వెలయే చవుకయని తెలియును. ఇరువది పడకల చిన్న వైద్యశాలకు అన్నియు ఒక్కసారి సాధ్యములు కావన్నది నిజమే. కాని పనివేళల పట్టిక వారము ముందుగా వ్రాసి గోడపై నుంచుటకు, సర్టిఫికెట్లు ఎవరివి వారికిచ్చుటకు, నెలకొకమారు వారి కష్టసుఖములు కూర్చుండి వినుటకు డబ్బక్కరలేదు.

వైద్యశాలలు నడుపు పెద్దలకు నా మనవి యొక్కటే. రేపటి రాత్రి తామే స్వయముగా వార్డులకు పోయి, ఒక్కొక్క నర్సునకు ఎందరు రోగులున్నారో లెక్కించి చూడుడు. ఆ సంఖ్య తగినదో కాదో ఆమెనే యడుగుడు. ఆమె చెప్పు సమాధానమును వ్రాసికొనుడు. పని అచ్చటనుండి మొదలిడవచ్చును.